రోమ్ తెడ్డు పట్టిన 23 ఏళ్లు

(మొదటి ప్యూనిక్ యుద్ధం మీద చేసిన ప్రసంగానికి రాతరూపం. తడబాట్లు తీసేశాం. మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. క్రీ.పూ. 264 నుంచి 241 దాకా రోమ్‌కూ, ఉత్తర ఆఫ్రికా తీరాన ఇవాళ్టి ట్యునీషియాలో ఉన్న కార్తేజ్‌కూ మధ్య జరిగిన మొదటి ప్యూనిక్ యుద్ధం గురించి పుస్తకాల్లో మామూలుగా ఏం చదువుతాం? రోమన్లకు సముద్రం తెలియదు. కార్తేజ్ వాళ్లు పుట్టు నావికులు. రోమన్లు ‘కాకి’ అనే ఒక వంతెన చేసుకుని ఓడ మీది యుద్ధాన్ని నేలమీది యుద్ధంలా మార్చేశారు. దాంతో గెలిచారు. ఇంతే కదా? ఇందులో మొదటి మూడు మాటలూ చాలావరకు నిజమే. నాలుగోదాన్ని, ‘దాంతో గెలిచారు’ అన్నదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. కాకితో కొన్ని పోరాటాలు గెలిచారు. యుద్ధాన్ని గెలిచిన రోజున రోమన్ ఓడల మీద కాకి ఉన్నట్టు ఎక్కడా లేదు. ఆ రోజు వాళ్లు గెలిచింది తేలికైన ఓడలతో, బాగా తర్ఫీదైన తెడ్డుగాళ్లతో. అంటే కార్తేజ్ విద్యతోనే కార్తేజ్‌ను ఓడించారు. ఆ విద్య పట్టుబడటానికి 20 ఏళ్లు పట్టింది, వందల ఓడలు మునిగాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ 20 ఏళ్ల సంగతి.

ముందుగా, ఇవన్నీ మనకు ఎవరు చెప్పారు? ముఖ్యంగా ఒక్కడు, పాలిబియస్. గ్రీకువాడు, క్రీ.పూ. రెండో శతాబ్దపు మనిషి. యుద్ధం ముగిసిన దాదాపు నూరేళ్లకు రాశాడు. ఆయన ముందు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి రోమన్ సెనేటర్ ఫేబియస్ పిక్టర్‌ది, రెండోది సిసిలీ గ్రీకు ఫిలినస్‌ది. ఒకాయన రోమ్ పక్షం, ఇంకొకాయన కార్తేజ్ పక్షం. ఇద్దరినీ పాలిబియస్ పేరు పెట్టి మరీ తప్పుపట్టాడు. ఆ రెండు పుస్తకాలూ ఇప్పుడు లేవు. కార్తేజ్ వాళ్లు తమ భాషలో రాసుకున్న చరిత్ర ఏదీ మనదాకా రాలేదు. నేను చెప్పే అంకెలు వింటున్నంతసేపూ ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

యుద్ధం ఎలా మొదలైందో త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. ఇటలీ బొటనవేలుకీ సిసిలీకీ మధ్య సన్నటి జలసంధి ఉంది. దాని సిసిలీ ఒడ్డున మెస్సానా, ఇవాళ్టి మెస్సీనా. ఆ ఊరిని మామర్టైన్లు అనే ఇటలీ కిరాయి సైనికులు ఆక్రమించుకుని ఉన్నారు. సిరక్యూస్ రాజు హియెరో వాళ్లను ఓడించాడు. వాళ్లు ఒక పక్క కార్తేజ్‌నీ, ఇంకో పక్క రోమ్‌నీ సాయం అడిగారు. ఇద్దరూ వచ్చారు. క్రీ.పూ. 264లో కాన్సుల్ (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే ఇద్దరు పాలకుల్లో ఒకడు, సేనాని కూడా) ఆపియస్ క్లాడియస్ రోమన్ సైన్యాన్ని జలసంధి దాటించాడు. ఎవరి ఓడల్లో? టారెంటమ్, లోక్రి, వేలియా, నేపుల్స్ లాంటి మిత్ర నగరాలు ఇచ్చిన ఓడల్లో. రోమ్‌కు సొంతంగా చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు.

ఆ దాటడంలోనే ఒక ఘటన జరిగింది. అడ్డుకోవడానికి వచ్చిన కార్తేజ్ ఓడల్లో ఒకటి మరీ ఉత్సాహంగా ముందుకొచ్చి ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది. రోమన్లు దాన్ని పట్టుకున్నారు. అది క్విన్‌క్విరీమ్, ఆ కాలపు పెద్ద యుద్ధనౌక. మూడేళ్ల తర్వాత, క్రీ.పూ. 261లో, అగ్రిజెంటమ్ నగరం పడిపోయాక, సిసిలీ తీరాల్ని ఓడల్లేకుండా నిలబెట్టుకోలేమని రోమ్‌కు అర్థమైంది. లోపలి ఊళ్లు రోమ్ వైపు వస్తున్నాయి, తీరం ఊళ్లు కార్తేజ్ నౌకల్ని చూసి అటు పోతున్నాయి. ఇటలీ తీరాన్నేమో కార్తేజ్ ఓడలు వచ్చి దోచుకుపోతున్నాయి, ఆఫ్రికా తీరం మాత్రం చల్లగా ఉంది. అప్పుడు ఆ పట్టుబడ్డ ఓడను నమూనాగా పెట్టుకుని 100 క్విన్‌క్విరీమ్‌లు, అంతకంటే చిన్నవైన 20 ట్రైరీమ్‌లు కట్టాలని తీర్మానించారు. చెట్టు కొట్టిన రోజు నుంచి 60 రోజుల్లో ఓడలు నీళ్లమీద ఉన్నాయని తర్వాతి కాలపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

60 రోజుల్లో 120 ఓడలు! నమ్మొచ్చా? మార్సాలా దగ్గర, సిసిలీ పడమటి కొసన, సముద్రంలో ఒక ఓడ దొరికింది. 1971 నుంచి 1974 వరకు హానర్ ఫ్రాస్ట్ అనే ఆవిడ దాన్ని తవ్వి బయటికి తీశారు. అది ఈ కాలానికి చెందిన కార్తేజ్ ఓడ. పలకల మీద ఫినీషియన్ అక్షరాలు ఉన్నాయి, రంగుతో రాసిన గుర్తులు. ఏ పలక పక్కన ఏ పలక రావాలి, ఏ కొయ్య ఎక్కడ కూర్చోవాలి అని. అంటే విడి భాగాలు ముందే చేసిపెట్టుకుని, గుర్తు ప్రకారం బిగించే పద్ధతి కార్తేజ్ రేవుల్లో ఉంది. అది యుద్ధనౌక అని ఫ్రాస్ట్ అన్నారు, అందరూ ఒప్పుకోలేదు. కానీ ఆ గుర్తుల గురించి వాదన లేదు. రోమన్లు పట్టుకున్న ఓడలోనూ ఇలాంటి గుర్తులుంటే, దాన్ని విప్పి చూసినవాడికి ఒక ఓడతో పాటు ఓడ కట్టే పద్ధతి కూడా దొరికినట్టే. ఇది ఊహే. అయినా 60 రోజుల లెక్కను అర్థవంతం చేసే ఊహ.

తొందరకు ఒక ఖరీదు కూడా ఉంది, గమనించండి. ఆ కాలపు ఓడకు ముందు అస్థిపంజరం నిలబెట్టి పలకలు కొట్టరు. ముందు పలకల్నే ఒకదానికొకటి కూర్చుతారు. ప్రతి పలక అంచులో గాడి తొలిచి, అందులో బిళ్ల దిగ్గొట్టి, బిళ్ల కదలకుండా అడ్డంగా కొయ్యమేకు వేస్తారు. ఓడ మొత్తానికి ఇలాంటి అతుకులు వేలల్లో ఉంటాయి. కలప ఆరి ఉంటే అతుకు బిగువుగా నిలుస్తుంది. పచ్చి కలపతో కడితే ఓడ బరువుగా ఉంటుంది, అతుకులు వదులవుతాయి, నీరు పీలుస్తుంది. రోమన్ ఓడలు బరువు, కదలిక నెమ్మది అని పాలిబియస్ మళ్లీ మళ్లీ అంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు తెడ్డుగాళ్ల సంగతి. పాలిబియస్ లెక్కలో క్విన్‌క్విరీమ్‌కు 300 మంది తెడ్డుగాళ్లు, 120 మంది సైనికులు. ‘క్విన్‌క్వి’ అంటే ఐదు అని అయిదు అంతస్తుల తెడ్లు ఊహించుకోకండి. అలా కడితే నీళ్లను అందుకోవడానికి పై తెడ్డు ఆడించలేనంత పొడవవుతుంది. ఎక్కువమంది పండితులు ఒప్పుకునే అమరిక మూడు వరసలు. పై వరసలో తెడ్డుకు ఇద్దరు, మధ్య వరసలో తెడ్డుకు ఇద్దరు, కింది వరసలో ఒక్కడు. రెండు, రెండు, ఒకటి, మొత్తం ఐదుగురు. 300 మందిని ఐదేసి మంది చొప్పున విడగొడితే 60 జట్లు, పక్కకు 30. జట్టుకు మూడు తెడ్లు కనక పక్కకు 90 తెడ్లు.

దీంట్లో కీలకం ఎక్కడుందో చూడండి. ట్రైరీమ్‌లో 170 మంది, 170 తెడ్లు. ఒక్కొక్కడూ తన తెడ్డుకు తానే యజమాని, ఒక్కొక్కడికీ పని తెలియాలి. ఒకడు తాళం తప్పితే పక్కవాడి తెడ్డు విరుగుతుంది. క్విన్‌క్విరీమ్‌లో ఇద్దరు పట్టే తెడ్డు దగ్గర ఒకడికి పని తెలిస్తే చాలు, రెండోవాడు బలం పెడితే చాలు. సముద్రం తెలియని దేశం ఒక్క శీతాకాలంలో 30,000 మందికి పైగా తెడ్డుగాళ్లను తయారుచేసుకోవాలంటే ఈ అమరికే దారి. ఎలా నేర్పారు? ఒడ్డున నేలమీద బల్లలు వేశారు, ఓడలో ఉన్న వరసలోనే. వాళ్లను కూర్చోబెట్టి, మధ్యలో తాళం చెప్పేవాణ్ని నిలబెట్టి, అందరూ ఒకేసారి వెనక్కి వాలడం, చేతులు ముందుకు చాచి ఒకేసారి ముందుకు వంగడం, ఇదే సాధన. ఓడలు తయారయ్యాక కొద్దిరోజులు నీళ్లమీద.

ఇంకో మాట. సినిమాల్లో తెడ్డుగాళ్లంటే సంకెళ్లు, కొరడాలు. ఈ యుద్ధంలో అలా కాదు. వాళ్లు స్వతంత్రులు. పేద రోమన్లు, ఇటలీ మిత్ర నగరాల వాళ్లు. మునిగినప్పుడు పోయింది వీళ్లే.

ఇక ‘కాకి’. కొలతలతో సహా పాలిబియస్ చెప్పాడు కనుక నేనూ కొలతలతోనే చెబుతాను. ఓడ ముందు కొసన ఒక గుండ్రటి స్తంభం నిలబెట్టారు. ఎత్తు 24 అడుగులు, మందం మూడు బెత్తెలు, చిట్టచివర గిలక. దానికి ఒక బల్లవంతెన. పొడవు 36 అడుగులు, వెడల్పు నాలుగు అడుగులు, రెండు పక్కలా మోకాలెత్తు కటకటా. వంతెన మొదట్లో 12 అడుగుల దూరాన ఒక పొడవాటి రంధ్రం, స్తంభం అందులోంచి వస్తుంది. అందుకే వంతెనను ముందుకూ తిప్పొచ్చు, పక్కకూ తిప్పొచ్చు. కొసన రోకలి లాంటి ఇనుప మొన, మొనకు కింద కోసు, పైన కడియం. కడియానికి తాడు కట్టి గిలక మీదుగా లాగి వంతెనను ఎత్తిపెడతారు. శత్రువు ఓడ దగ్గరికి రాగానే తాడు వదిలేస్తారు. వంతెన దబ్బున పడుతుంది, మొన అవతలి ఓడ చెక్కలో దిగబడుతుంది. ఇక రెండు ఓడలూ ఒకటే. పక్కపక్కన తగులుకుంటే సైనికులు ఎటునుంచైనా దూకుతారు. ముక్కూ ముక్కూ తగులుకుంటే వంతెన మీద ఇద్దరిద్దరుగా నడుస్తారు. ముందు ఇద్దరు డాళ్లు ఎదురుగా పట్టుకుంటారు, వెనకవాళ్లు డాళ్ల అంచుల్ని కటకటా మీద ఆనించి పక్కలు కాచుకుంటారు.

దీనికి ముందు సముద్ర యుద్ధం ఎలా ఉండేది? ఓడ ముక్కున నీటిమట్టం దగ్గర కంచు పోటు ఉంటుంది. దాంతో అవతలి ఓడ పక్కను పొడవాలి. అందుకు శత్రువు వరసలోంచి దూసుకుపోయి, వెనక చటుక్కున తిరిగి, పక్కమీద కొట్టాలి. లేదా వరస కొస చుట్టి రావాలి. అన్నింటికీ వేగం కావాలి, మలుపు కావాలి, తెడ్డుగాళ్లకు తాళం కావాలి. కార్తేజ్ బలం అదే. కాకి ఆ బలానికి అడ్డం పడింది. పొడవడానికి దగ్గరికొస్తే చాలు, తగులుకుంటుంది.

మొదటి అడుగు మాత్రం రోమ్‌కు తడబడింది. క్రీ.పూ. 260లో కాన్సుల్ కార్నేలియస్ స్కిపియో 17 ఓడలతో లిపారా రేవులోకి వెళ్లి చిక్కుకుపోయాడు, ఖైదీ అయ్యాడు. రెండో కాన్సుల్ గాయస్ డుయీలియస్ మిగతా ఓడలకు కాకులు బిగించుకుని మైలే దగ్గర, ఇవాళ్టి మిలాజ్జో దగ్గర, 130 కార్తేజ్ ఓడల్ని ఎదుర్కొన్నాడు. కార్తేజ్ వాళ్లు వరస కూడా కట్టకుండా, తేలికగా తీసుకుని వచ్చారు. ముందు వచ్చిన 30 ఓడలూ పట్టుబడ్డాయి, సేనాపతి ఎక్కిన పెద్ద ఓడతో సహా. మొత్తం 50 పోయాయి. డుయీలియస్‌కు రోమ్‌లో, పట్టుకున్న ఓడల ముక్కులతో అలంకరించిన స్తంభం కట్టారు. రోమన్ చరిత్రలో సముద్ర విజయానికి మొదటి ఊరేగింపు ఆయనదే.

నాలుగేళ్లకు, క్రీ.పూ. 256లో, సిసిలీ దక్షిణ తీరాన ఎక్నోమస్. పాలిబియస్ ప్రకారం రోమ్‌వి 330 ఓడలు, 1,40,000 మంది. కార్తేజ్‌వి 350 ఓడలు, 1,50,000 పైచిలుకు మంది. ఈ మనుషుల లెక్క ఎలా వచ్చిందంటారు? 330ని 420తో హెచ్చవేయండి. 1,38,600. గుణించి రాశాడు, అంతే. ప్రతి ఓడా క్విన్‌క్విరీమేనా, ప్రతి ఓడా నిండా ఉందా అన్నది వేరే ప్రశ్న. ఈ అంకెలు ఎక్కువని వాదించే పండితులున్నారు, ఆ వాదనలో పస ఉంది. అంకె తగ్గించినా సరే, పురాతన ప్రపంచంలో అతి పెద్ద నౌకాయుద్ధాల్లో ఇదొకటి. రోమన్ వ్యూహం ముందు మొనదేలి వెనక వెడల్పయ్యే చీల ఆకారం. ముందు రెండు దళాలు కోణంగా, మూడో దళం గుర్రాల ఓడల్ని తాళ్లతో లాగుతూ, నాలుగోది వెనక కాపలాగా. కార్తేజ్ మధ్యభాగం కావాలనే వెనక్కి తగ్గి రోమన్ మొన దళాల్ని ముందుకు లాగింది. పథకం మంచిదే. రోమన్ వెనక దళాలు ఒడ్డుకు నెట్టబడ్డాయి కూడా. కానీ కాకులకు భయపడి కార్తేజ్ ఓడలు దగ్గరికి వెళ్లలేకపోయాయి. చుట్టుముట్టాయి, కొట్టలేకపోయాయి. ఆలోగా ముందు దళాలు తిరిగొచ్చాయి. రోమ్‌కు 24 ఓడలు మునిగాయి. కార్తేజ్‌కు 30కి పైగా మునిగాయి, 64 పట్టుబడ్డాయి. కాకి గొప్పదనం ఏదైనా ఉందంటే ఇక్కడ ఉంది. ఇది దాని చివరి ప్రస్తావన కూడా. ఎక్నోమస్ తర్వాత ఏ పోరాటంలోనూ పాలిబియస్ దాని పేరెత్తడు.

తర్వాత రోమన్ కాన్సుల్ రెగ్యులస్ ఆఫ్రికాలో దిగడం, 15,000 కాల్బలం, 500 గుర్రాలతో అక్కడే ఉండిపోవడం, మరుసటి ఏడు స్పార్టావాడు జాంతిప్పస్ కార్తేజ్ సైన్యానికి మైదానంలో ఏనుగుల్నీ గుర్రాల్నీ వాడటం నేర్పి రెగ్యులస్‌ను ఖైదు చేయడం, అదంతా ఇంకో ప్రసంగానికి సరిపోయే విషయం. నాకు కావాల్సింది బతికిన 2,000 మందిని తెచ్చుకోవడానికి వెళ్లిన నౌకాదళం.

క్రీ.పూ. 255 వేసవి. ఆ దళం సిసిలీకి తిరిగి వస్తోంది. సిసిలీ దక్షిణపు ఒడ్డంతా రాతి ఒడ్డు, దాక్కోవడానికి రేవుల్లేవు. చుక్కాని పట్టే సరంగులు కాన్సుళ్లకు గట్టిగా చెప్పారు: ఈ ఒడ్డు వెంట పోవద్దు, మృగశిర పొడిచి లుబ్ధకం పొడిచేలోపు రోజులివి, గాలి నమ్మదగింది కాదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆకాశం చూసి మన తూర్పు తీరపు జాలరి పడవ గట్టుకు లాగేస్తాడు చూడండి, అలాంటి తెలివి అది. కాన్సుళ్లు వినలేదు. దారిలో కొన్ని ఊళ్లను బెదిరించి లొంగదీసుకుందామని ఆశ. కమరీనా దగ్గర తుఫాను పట్టింది. 364 ఓడల్లో 80 మిగిలాయి. మళ్లీ చెబుతున్నాను, 364లో 80. మిగతావి కొన్ని మునిగాయి, కొన్ని రాళ్లకు తగిలి ముక్కలయ్యాయి, ఒడ్డంతా శవాలు, చెక్కలు. పాలిబియస్ ఇక్కడ ఆగి రోమన్లను విమర్శిస్తాడు: ప్రతిదీ బలంతో సాధిస్తామనుకుంటారు, మనుషుల మీద ఆ పంతం నెగ్గుతుంది, సముద్రం మీదా గాలి మీదా నెగ్గదు అని.

ఇందులో కాకి పాత్ర ఉందా? ముందు కొసన 24 అడుగుల స్తంభం, 36 అడుగుల వంతెన, అంతా కలిపి టన్ను దాకా బరువుంటుందని అంచనాలు. బరువు ఎత్తున, అదీ ఒక కొసన ఉంటే ఓడ అలలో ముక్కు కిందికి దించుతుంది, పక్కకు ఒరిగితే లేవదు. అందుకే తుఫానులో ఇన్ని పోయాయి, అందుకే కాకిని తీసేశారు అని కొందరి వాదన. పాలిబియస్ అలా అనలేదు. నా అభిప్రాయంలో కాకి కంటే పెద్ద కారణం ఆ ఓడల స్వభావమే. ఇలాంటి ఓడలో 420 మందికి తిండి పెట్టుకునే చోటు లేదు, పడుకునే చోటు లేదు. 1987లో గ్రీసులో ఒలింపియాస్ అనే ట్రైరీమ్ నమూనా కట్టి నడిపినప్పుడు తేలింది, ఎండలో తెడ్డు వేసేవాడికి గంటకు దాదాపు లీటరు నీరు కావాలి. 300 మంది, రోజుకు ఆరేడు గంటలు. రెండు టన్నుల నీరు. ఎక్కడ మోస్తారు? కనుక రాత్రికి గట్టు చేరాలి. గట్టు దగ్గర్లో ఉండాలి. గట్టు రాతిదైతే, గాలి ఒడ్డువైపు కొడితే, ఇక తప్పించుకునే దారి లేదు. కాకి ఉన్నా లేకున్నా.

రోమ్ ఏం చేసింది? మూడు నెలల్లో ఇంకో 220 ఓడలు కట్టింది. క్రీ.పూ. 254లో పనోర్మస్‌ను, అంటే పలెర్మోను, పట్టుకుంది. మరుసటి ఏడు మళ్లీ ఆఫ్రికా తీరానికి వెళ్లారు. మెనింక్స్ దీవి దగ్గర, ఇవాళ్టి ట్యునీషియాలోని జెర్బా, ఆటు వచ్చి నీరు తగ్గేసరికి ఓడలు లోతులేని చోట కూర్చుండిపోయాయి. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు నామమాత్రం. ఆ మూల మాత్రం బాగా ఉంటాయి. ఆ సంగతి రోమన్లకు తెలియదు. పోటు వచ్చాక సామాన్లన్నీ పారేసి బయటపడ్డారు. పనోర్మస్ మీదుగా రోమ్‌కు నేరుగా నడిసముద్రంలో వస్తూ తుఫానులో 150కి పైగా ఓడలు పోగొట్టుకున్నారు. ఈసారి రోమ్ కూడా కొన్నాళ్లు నౌకాదళం వద్దనుకుంది.

క్రీ.పూ. 250లో, కార్తేజ్ చేతిలో ఉన్న లిలిబేయమ్ మీద రోమన్ల ముట్టడి మొదలైంది. అదే మార్సాలా. రోమన్ ఓడలు రేవు ముఖాన కాపలా. అయినా హానిబాల్ అనే కార్తేజ్ నావికుడు, రోడియన్ అని మారుపేరు, ఒక్క ఓడతో పట్టపగలు లోపలికి పోయి వార్తలు తెచ్చేవాడు. ఎలా? లోతులేని గుట్టల మధ్య కాలువ దారి ఆయనకు కంఠతా వచ్చు. ఇటలీ వైపు నుంచి వస్తూ, సముద్రం పక్కనున్న ఒక బురుజు వెనక ఆఫ్రికా వైపు బురుజులన్నీ కనుమరుగయ్యేలా ఓడ ముక్కును సూటిగా పెట్టుకునేవాడు. అదే గురి. ఆ గీత తప్పితే ఇసుకలో కూరుకుపోతారు. బయటికి పోతూ తెడ్లు పైకెత్తి ఆగి మరీ రోమన్లను సవాలు చేసేవాడు. రోమన్లు రేవు ముఖాన రాళ్లు, మట్టి పోశారు. ప్రవాహానికి చాలావరకు కొట్టుకుపోయింది. ఒక్కచోట నిలిచింది. ఆ మెరక మీద ఒక రాత్రి కార్తేజ్‌కు చెందిన వేగం గల ఓడ ఒకటి తగులుకుని దొరికింది. రోమన్లు దానికి ఏరికోరి తెడ్డుగాళ్లను పెట్టి, దాంతోనే రోడియన్‌ను తరిమి పట్టుకున్నారు. ఆయన ఓడ కూడా దొరికింది. ఆ ఓడను కాస్త గుర్తుంచుకోండి.

మరుసటి ఏడు, క్రీ.పూ. 249, డ్రెపానా. ఇవాళ్టి ట్రాపానీ. కాన్సుల్ పబ్లియస్ క్లాడియస్ పుల్కర్ లిలిబేయమ్ నుంచి అర్ధరాత్రి బయలుదేరి తెల్లారేసరికి అక్కడికి చేరాడు, రేవులోనే కార్తేజ్ ఓడల్ని పట్టేద్దామని. శకునం కోళ్లు (తింటే మంచి శకునమని రోమన్ల నమ్మకం) గింజలు తినలేదని, అయితే నీళ్లు తాగమని ఆయన వాటిని సముద్రంలో విసిరించాడని కథ. రోమన్ రచయిత సిసెరో చెప్పిన కథ. పాలిబియస్‌లో లేదు. ఓటమికి కోళ్లు అక్కర్లేదు, కారణాలు కళ్లముందే ఉన్నాయి. కార్తేజ్ సేనాని అధెర్బాల్ వెంటనే సైనికుల్ని ఓడలెక్కించి, రోమన్లు రేవులోకి ఒక పక్క నుంచి వస్తుంటే తాను ఇంకో పక్క రాళ్ల వెంట బయటికి జారుకున్నాడు. క్లాడియస్ ఆ సంగతి చూసి, లోపలికి వెళ్లిన ఓడల్ని వెనక్కి తిరగమన్నాడు. లోపలున్నవి తిరుగుతున్నాయి, వెనకవి ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒకదానికొకటి తగిలి తెడ్లు పటపటా విరిగాయి. ఎలాగో ఒడ్డు వెంట వరస కట్టారు, ముక్కులు సముద్రం వైపు, వెనకభాగాలు ఒడ్డుకు. అధెర్బాల్ వెనక మొత్తం సముద్రం ఉంది. కష్టం వస్తే ఆయన ఓడ వెనక్కి వెళ్తుంది, తిరిగొచ్చి కొడుతుంది. రోమన్ ఓడకు వెనక్కి వెళ్లే చోటు లేదు. ముందుకు దూసుకుపోయే వేగం లేదు. సాయానికి పక్క ఓడ దగ్గరికి పోయే నైపుణ్యమూ లేదు. క్లాడియస్ దాదాపు 30 ఓడలతో తప్పించుకున్నాడు. 93 ఓడలు కార్తేజ్‌కు చిక్కాయి.

అదే ఏడు ఇంకో కాన్సుల్ జూనియస్ 120 యుద్ధనౌకలు, దాదాపు 800 సామాను ఓడలతో అదే దక్షిణ తీరానికి వచ్చాడు. ఎదురుగా కార్తాలో అనే కార్తేజ్ సేనాని ఉన్నాడు. తుఫాను వస్తోందని సరంగులు కార్తాలోకు చెప్పారు. ఆయన విన్నాడు. కష్టపడి పకైనస్ అగ్రం చుట్టి అవతల దాక్కున్నాడు. రోమన్ ఓడలు రాతి ఒడ్డున ఉండిపోయాయి. ఒక్క ఓడ చెక్క కూడా పనికిరాకుండా పోయింది. అదే గాలి, అదే రోజు, అదే ఒడ్డు. ఒకరు సరంగు మాట విన్నారు, ఒకరు వినలేదు. రోమన్ జనాభా లెక్కల్లో 250ల చివర్లో దాదాపు 2,97,000గా ఉన్న పౌరుల సంఖ్య క్రీ.పూ. 247లో 2,41,000కు దిగింది. దిగింది అంతా సముద్రంలో పోయినవాళ్లే అని అనలేం, ఓడల్లో మిత్ర నగరాల వాళ్లూ ఉన్నారు. అయినా ఆ అంకె చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. డ్రెపానా తర్వాత సముద్రం పూర్తిగా కార్తేజ్ చేతిలో ఉంది. ఏడేళ్లు ఉంది. ఎందుకు గెలవలేదు? డబ్బు లేదు. ఈజిప్టు రాజు టోలెమీని 2,000 టాలెంట్ల వెండి అప్పు అడిగారు, రోమ్, కార్తేజ్ ఇద్దరూ మిత్రులే అంటూ ఆయన ఇవ్వలేదు. అదే సమయంలో ఆఫ్రికా లోపలికి రాజ్యం పెంచుకునే యుద్ధం ఒకటి పెట్టుకున్నారు. రోమ్ ఇక సముద్రం మీదికి రాదనుకుని ఓడల్ని ఒడ్డున పెట్టి తెడ్డుగాళ్లను ఇళ్లకు పంపేశారు. సిసిలీలో కార్తేజ్ సేనాని హమిల్కార్ బార్కా ఒక్కడే, చేతిలో కొద్దిమంది కిరాయి సైనికులతో, కొండ మీంచి కొండ మీదికి పోరాడుతున్నాడు. తెడ్డు విద్య ఇనప్పెట్టెలో దాచుకునే వస్తువు కాదు. ఏడేళ్లు వాడకపోతే ఉండదు.

రోమ్ ఖజానాలోనూ డబ్బు లేదు. క్రీ.పూ. 242లో ధనవంతులు ముందుకొచ్చారు. స్తోమతను బట్టి ఒకరో, ఇద్దరో, ముగ్గురో కలిసి ఒక్కో క్విన్‌క్విరీమ్ కట్టించి సరంజామాతో ఇవ్వాలి. యుద్ధం గెలిస్తే ఖర్చు తిరిగి వస్తుంది. అలా 200 ఓడలు. దేన్ని చూసి కట్టారు? రోడియన్ ఓడను చూసి. గుర్తుంచుకోమన్నది ఇందుకే. మొదటి దళానికి నమూనా ఇసుకలో కూరుకుపోయిన ఓడ, చివరి దళానికి నమూనా అందరికన్నా వేగంగా తిరిగిన ఓడ.

కాన్సుల్ గాయస్ లుటేషియస్ కాటులస్ వేసవిలోనే వచ్చి ఖాళీగా ఉన్న డ్రెపానా, లిలిబేయమ్ రేవుల్ని పట్టేశాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఓడల్ని రేవులో ఊరికే ఉంచలేదు. రోజూ నీళ్లమీదికి పంపి సాధన చేయించాడు. తెడ్డుగాళ్ల తిండి, ఆరోగ్యం దగ్గరుండి చూసుకున్నాడు. ఇంతకుముందు ఏ రోమన్ సేనాని గురించీ పాలిబియస్ ఈ మాట రాయలేదు.

క్రీ.పూ. 241 మార్చి 10. హమిల్కార్‌కు ధాన్యం తీసుకుని నౌకాసేనాని హన్నో కార్తేజ్ నుంచి వచ్చాడు. సిసిలీ పడమటి కొసన ఉన్న ఏగేట్స్ దీవుల్లో పడమటిదైన హియెరా దగ్గర ఆగాడు, ఇవాళ దాన్ని మరెట్టిమో అంటారు. పథకం ఏమిటంటే, గాలి చూసుకుని ఒక్క పరుగున ఎరిక్స్ కొండ కింద ఒడ్డుకు చేరాలి, ధాన్యం దించాలి, ఓడలు తేలిక చేసుకోవాలి, హమిల్కార్ గట్టి సైనికుల్ని ఎక్కించుకోవాలి, అప్పుడు రోమన్లతో తలపడాలి. తెల్లవారింది. పడమటి గాలి, హన్నోకు వీపున, రోమన్లకు ముఖాన. అలలు పెద్దగా ఉన్నాయి. కాటులస్ ఒక క్షణం సందేహించాడు. ఆగితే? సముద్రం తేలికపడుతుంది, హన్నో కూడా తేలికపడతాడు. ఇప్పుడు కొడితే కొట్టేది బరువెక్కిన ఓడల్ని, కొత్తగా ఎక్కిన జనాన్ని. ఎదురుగాలిలోనే బయలుదేరాడు. ఆయనకు గాయం ఉండటంతో ప్రీటర్ (కాన్సుల్ తర్వాతి స్థాయి అధికారి) వాలేరియస్ ఫాల్టో పోరాటం నడిపాడని మరికొందరు రచయితలు చెప్పారు. రోమన్ ఓడల్లోంచి యుద్ధానికి అక్కర్లేని బరువంతా ముందే దించేశారు. కార్తేజ్ ఓడలు తెరచాపలు దించి తలపడ్డాయి. 50 మునిగాయి, 70 మనుషులతో సహా పట్టుబడ్డాయి. మిగిలినవాటిని కాపాడింది ఉన్నట్టుండి తిరిగిన గాలి. డ్రెపానాలో ఏం జరిగిందో అంతా తలకిందులైంది చూశారా? ఈసారి బరువు ఓడలు, పచ్చి జనం కార్తేజ్ వైపు.

ఇది పుస్తకాల్లోనే ఆగలేదు. లెవాంజో దీవి వాయవ్యాన దాదాపు 80 మీటర్ల లోతున ఆ రోజు మునిగిన ఓడల కంచు పోట్లు 20కి పైగా దొరికాయి. సిసిలీ సముద్ర పురాతత్వ శాఖ, ఆర్‌పీఎం నాటికల్ ఫౌండేషన్ కలిసి వెతుకుతున్నారు. ఈ పనికి ఆద్యుడు సెబాస్టియానో టూసా, 2019లో విమాన ప్రమాదంలో పోయారు. ఎక్కువ పోట్ల మీద లాటిన్ రాతలు, వాటిని ఆమోదించిన క్వెస్టర్ల, అంటే రోమన్ ఖజానా అధికారుల, పేర్లు. ప్యూనిక్, అంటే కార్తేజ్ భాష, రాత ఉన్నదీ ఒకటి ఉంది. రోమ్ గెలిచిందంటున్నాం, మునిగినవాటి మీద రోమన్ పేర్లేమిటి? ఒక సమాధానం, డ్రెపానాలో చిక్కిన 93 ఓడల్నే కార్తేజ్ వాడుకుని ఉండొచ్చు. నాకు ఇది సబబుగా తోస్తుంది, డబ్బులేని రాజ్యం దొరికిన ఓడల్ని పారేయదు కదా. ఇంకో చిక్కు, ఈ పోట్లు చిన్నవి. ఇజ్రాయెల్ తీరాన అథ్లిట్‌లో 1980లో దొరికిన పోటు 465 కిలోలు. ఇవి అందులో సగం కూడా లేవు. అంటే ఆ రోజు ఓడల్లో చాలా పాలిబియస్ చెప్పిన క్విన్‌క్విరీమ్‌ల కంటే చిన్నవని పలువురి అభిప్రాయం. 420 పెట్టి చేసిన గుణకారం మళ్లీ చూసుకోవాల్సిందే.

సంధి షరతులు: సిసిలీ వదిలి వెళ్లాలి, ఖైదీల్ని ఊరికే విడిచిపెట్టాలి, 20 ఏళ్లలో 2,200 టాలెంట్ల వెండి కట్టాలి. రోమన్ ప్రజాసభ ఇది చాలదంది. వెంటనే 1,000, పదేళ్లలో 2,200 అని మార్చారు. టాలెంట్ దాదాపు 26 కిలోలు, మొత్తం 80 టన్నుల పైన వెండి. కార్తేజ్ దగ్గర సిసిలీ నుంచి వచ్చిన 20,000 మంది కిరాయి సైనికులకు జీతాలివ్వడానికే లేదు. వాళ్లు తిరగబడ్డారు. ఆ గొడవలో ఉండగా రోమ్ సార్డీనియాను కూడా లాక్కుని, ఇంకో 1,200 టాలెంట్లు అడిగింది. పాలిబియస్ లాంటి రోమ్ అభిమాని కూడా దీనికి న్యాయమైన కారణం కనబడదన్నాడు.

యుద్ధం మొత్తంలో రోమ్ దాదాపు 700 పెద్ద ఓడలు పోగొట్టుకుంది, కార్తేజ్ 500. ఎక్కువ పోగొట్టుకున్నవాడే గెలిచాడు. పడమటి మధ్యధరా రేవులు, దీవులు రోమ్ చేతికొచ్చాయి. రాత్రికి గట్టు చేరకపోతే నడవని ఓడలకు గట్టు లేకుండా పోవడం అంటే ఏమిటో ఇందాక నీళ్ల లెక్కలో చూశాం. క్రీ.పూ. 218లో రెండో యుద్ధం మొదలయ్యేనాటికి రోమ్ 220 క్విన్‌క్విరీమ్‌లు దింపింది. హమిల్కార్ కొడుకు హానిబాల్ స్పెయిన్‌లో తమ్ముడికి అప్పగించినవి 50, అందులో మనుషులున్నవి 32. ఆ లెక్కతో సముద్రం మీదుగా సైన్యాన్ని ఇటలీకి తీసుకెళ్లే మాటే లేదు. ఆయన నడిచి వెళ్లాడు.